నాన్న ఇంజన్, ఎవరిదో ఫ్రేము

మోటారు సైకిల్‌కి ప్రాణం ఏదంటే ఎవరైనా ఇంజన్ అనే చెబుతారు. రవాణా శాఖ మాత్రం ఒప్పుకోదు. దాని లెక్కలో బండంటే ఛాసిస్ నంబరు. ఇంజన్ అందులో ఓ భాగం, అంతే.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి అనకాపల్లి దగ్గర మా ఊళ్లో పశువులపాక మీద వేపచెట్టు పడింది. పాకలో నాన్న బుల్లెట్ ఉంది, 1984లో కొన్నది. నాన్న పోయి అప్పటికి మూడేళ్లు. హ్యాండిల్ కింద, మెడ దగ్గర ఫ్రేము వంగి చిట్లింది. ఇంజన్‌కి గీత కూడా పడలేదు. పాత ఇనుముకి వేసేయమన్నారు చుట్టాలు. అమ్మ ఏమీ అనలేదు గానీ ఆ పూట అన్నం తినలేదు.

బండిని గాజువాక ఆటోనగర్‌కి చేర్చాను. ‘‘అతికితే అతుకుద్ది బాబూ. దాని మీద నేనైతే ఎక్కను’’ అన్నాడు పెద్ద మేస్త్రి. ఇంజన్ పాడై మూలపడ్డ మరో బుల్లెట్‌ని కాగితాలతో సహా చూపించాడు.

ఒకదాని ఇంజన్ మరోదానికి పెట్టడం కొత్తేమీ కాదు. ఇంగ్లండులో 1950, 60లలో కుర్రకారు నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజన్ బిగించి, రెండు పేర్లూ కలిపి ‘ట్రైటన్’ అన్నారు. మలుపులో నిలకడ నార్టన్‌ది, పరుగు ట్రయంఫ్‌ది. వాళ్లది మోజు. మాది అవసరం.

346 సీసీల ఆ పాత ఇంజన్ బరువు మామూలుది కాదు. అందుకని దాన్ని ఎత్తలేదు. గోనెసంచి మీద పక్కకి పడుకోబెట్టి, ఫ్రేమునే దాని మీదికి దించారు! పాత బుల్లెట్‌లో ఇంజన్ కింద గొట్టం ఉండదు. ముందు గొట్టానికీ వెనక భాగానికీ మధ్య ఇంజనే వంతెన. అంటే అది ఫ్రేములో కూర్చోదు, ఫ్రేమును పట్టుకుని ఉంటుంది. వెనక బోల్టులు ఎక్కాయి. ముందు ప్లేటు రంధ్రం మాత్రం పెసరగింజంత పక్కకి పోయింది. ఆ ఫ్రేము కూడా ఎప్పుడో దెబ్బతిని సాపు చేయించుకున్నదేనట. కుర్రాడు సుత్తి తీశాడు. మేస్త్రి కసిరాడు. బలవంతంగా బిగిస్తే ఆ లాగుడంతా అల్యూమినియం క్రాంక్‌కేసు చెవుల మీద పడుతుంది. ఏదో ఒక గతుకులో చెవి విరుగుతుంది. అట్టముక్క మీద కొలత గీసి, ఇనప రేకు కోసి, మధ్యాహ్నమంతా ఆకురాయితో రుద్ది కొత్త ప్లేట్లు చేశాడు. బోల్టులన్నీ వదులుగా ఎక్కించాకే ఒక్కోటీ బిగించాడు. వెనక సీటు తీసేస్తే స్టైలుగా ఉంటుందన్నాడు కుర్రాడు. అది అమ్మ కూర్చున్న సీటు. ఉంచమన్నాను.

అసలు పని కాగితాల దగ్గర. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ముందే అనుమతి పెట్టుకున్నాం కాబట్టి 2015లో కొత్త ఆర్సీ వచ్చింది. ఇంజన్ నంబరు నాన్న బండిది. ఛాసిస్ నంబరు, రిజిస్ట్రేషన్ ఎవరివో. నాన్న బండి నంబరు రద్దయింది. ఊళ్లో చాలామందికి మా ఇంటి గుర్తే ఆ నంబరు.

కాగితాలతో పాటు పాత నంబరు ప్లేటు కూడా ఇచ్చేద్దామంటే అమ్మ ఇవ్వలేదు. వంటింట్లో పచ్చడి జాడీల వెనక గోడకి ఆనించి పెట్టుకుంది.