మంచు మీదికెక్కి దారి చేసుకునే ఓడలు

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంటర్ అయ్యాక ఓడల డిజైన్ చదువుతానంటోంది. విశాఖపట్నంలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉందనీ, అక్కడ నేవల్ ఆర్కిటెక్చర్‌లో బీటెక్ చేయొచ్చనీ తనే కనుక్కుంది. గుడ్లవల్లేరులో ఇంటి దగ్గరే ఇంజినీరింగ్ కాలేజీ ఉండగా ఇదేం చోద్యమని మా అత్తగారి బెంగ. దీనికంతటికీ మూలం సముద్రపు మంచులో తోడు లేకుండా వెళ్ళే సరుకు ఓడలు.

తోడు లేకుండా అంటే మనుషులు లేకుండా అని కాదు. ఉత్తర ధ్రువం వైపు మామూలుగా ఐస్‌బ్రేకర్ ముందు నడిచి మంచు పగలగొడుతుంది, సరుకు ఓడలు దాని వెనకాల వెళతాయి. అది వచ్చేదాకా ఆగాలి, దాని ఖర్చు భరించాలి. పైగా ఆ దారి ఎక్కువసేపు తెరిచి ఉండదు. మన కాలవలో గుర్రపుడెక్కని తోసుకుంటూ పడవ వెళ్ళాక వెనకాల ఎలా కమ్ముకుంటుందో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మంచుని కత్తిలా కోసుకుంటూ వెళుతుందా అని అడిగాను. "కాదమ్మా. రొయ్యలు పట్టే రోజున చెరువు దగ్గరికి ఐస్ గడ్డలు వస్తాయి కదా, దాని మీద నాన్న నిలబడ్డా విరగదు. అదే పల్చటి పలకని రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో నొక్కు" అంది. నొక్కితే ఓర్చుకునే మంచు, వంచితే ఓర్చుకోదు. అందుకే ఓడ ముందుభాగాన్ని ఏటవాలుగా చేస్తారు. ఓడ మంచు అంచు మీదికెక్కుతుంది, దాని బరువుకి మంచు వంగి విరుగుతుంది.

అయితే అలాంటి ముక్కుతో మామూలు సముద్రంలో అలలకి ఎదురెళ్ళడం కష్టం, ఇంధనమూ దండగ. ఫిన్లాండ్ వాళ్ళు దీనికి భలే ఉపాయం చేశారు. ముందుభాగం సముద్రానికి, వెనకభాగం మంచుకి! 2006లో హెల్సింకీలో కట్టిన 'నొరిల్‌స్క్ నికెల్' మంచు బాగా మందంగా ఉంటే వెనక్కి తిరిగి నడుస్తుంది. మోటారూ ప్రొపెల్లరూ కలిసి ఓడ అడుగున గుండ్రంగా తిరిగేలా ఉంటాయి. ఆ ప్రొపెల్లర్ మంచు కింది నీళ్ళని లాగేసి, విరగడాన్ని సులువు చేస్తుంది. మీటరున్నర మంచులో కూడా అది ఒంటరిగానే వెళ్ళగలదు.

2014లో 'నునావిక్' అనే ఓడ కెనడా నుంచి నికెల్ ఖనిజంతో వాయవ్య మార్గం గుండా ఐస్‌బ్రేకర్ లేకుండానే చైనా చేరింది. 2017 ఆగస్టులో సుమారు 300 మీటర్ల పొడవున్న గ్యాస్ ఓడ 'క్రిస్టోఫ్ ద మార్జరీ' నార్వే నుంచి దక్షిణ కొరియాకి 19 రోజుల్లో వెళ్ళింది, అదీ తోడు లేకుండానే.

మన దేశం సంగతీ చెప్పింది. 1981 డిసెంబరులో గోవా నుంచి మొదటి అంటార్కిటికా యాత్ర బయల్దేరింది 'పోలార్ సర్కిల్' అనే అద్దె ఓడలో. తర్వాతి యాత్రలకీ అద్దె ఓడలే. 2002లో అంటార్కిటికా దగ్గర 'మగ్దలేనా ఓల్డెన్‌డార్ఫ్' అనే సరుకు ఓడ వందమందికి పైగా మనుషులతో మంచులో ఇరుక్కుపోయింది. మంచుకి తట్టుకునేలా కట్టిన ఓడే అది. దక్షిణాఫ్రికా ఓడ వెళ్ళి, హెలికాప్టర్లతో చాలామందిని బయటికి తెచ్చింది.

మా అత్తగారి చెవిన పడింది సరిగ్గా ఈ ముక్కే. "ఇది కూడా అందులో వెళ్ళాలా?" అన్నారు.

"డిజైన్ గీసేవాళ్ళు వెళ్ళక్కర్లేదులెండి" అన్నాను.

"వెళ్ళకపోతే ఎలా తెలుస్తుంది నాయనమ్మా?" అంది మా అమ్మాయి.

ఆ రాత్రి మా ఇంట్లో ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎంట్రన్సు రాయడానికి ఇంకా మూడేళ్ళుంది. ఆవిడని ఒప్పించడానికి నాకున్న గడువూ అదే.