నాయన దించేసిన డప్పు (మా పల్లె కతలు – 17)



పోయిన వారం పెట్టిన ఫొటో చూసి చాలామంది ఇన్‌బాక్స్‌లోకి వచ్చి ఒకటే అడిగారు. "మీ నాయన డప్పు మానేశాడని మీరే రాశారు. మరి మీరు డప్పు పట్టుకుని ఫొటో ఎట్టా పెట్టారు?" అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే మద్రాసు దాకా పోయి రావాలి. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు ఒక నవ్వులాట సంగతి. "ప్రోగ్రెసివ్ రాక్" అనే మాట నేను మొదటిసారి యూనివర్సిటీ హాస్టల్లో విన్నా. ప్రోగ్రెసివ్ అంటే అభ్యుదయం గదా, అరసం వాళ్ల పాటల్లాంటివేమో అనుకున్నా. మా రూమ్మేట్ పడీపడీ నవ్వి, ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టింది. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల "ఎకోస్". 1971 నాటిది. 23 నిమిషాల పాట. రికార్డుకి ఒక వైపంతా అదొక్కటే. "ఇంతసేపు ఒకే పాట నడిపించే మొనగాళ్లు ఇంకెవరున్నారే?" అంది.

నాకు కారంపూడి గుర్తొచ్చింది. కార్తీక అమావాస్య నించి అయిదు రోజులు పల్నాటి వీరుల తిరునాళ్ల. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. చిన్నప్పుడు నాయన భుజాల మీద కూర్చుని చూశా. వీరుల కథ పాడే వీరవిద్యావంతులు మాలలు. రాత్రి మొదలుపెడితే తెల్లారేదాకా పాడేవాళ్లు. మధ్యలో దరువు మారుద్ది, వచనం వస్తది, మళ్లీ పాట ఎత్తుకుంటది. వాళ్లలో అలిసెట్టి గాలెయ్య పాడిన కథని జీన్ రోగైర్ అనే పరిశోధకుడు ఇంగ్లీషు చేస్తే 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు పుస్తకం వేశారు. పింక్ ఫ్లాయిడ్ 23 నిమిషాలు వాయిస్తే ప్రోగ్రెసివ్. గాలెయ్య రాత్రిళ్లకి రాత్రిళ్లు పాడితే జానపదం. ఈ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

అయినా ఆ పాట నాకు నచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పుడు నాయన సంగతి. మేం మాదిగలం. మా వైపు డప్పుని పలక అని కూడా అంటారు. మా తాత కొట్టాడు, నాయన కొట్టాడు. ఊళ్లో చావుకి, జాతరకి, చాటింపుకి కబురొస్తే పోవాల్సిందే. జ్వరమొచ్చినా పోవాలి. 1985 వానాకాలంలో ఒక పెద్దింటి శవం ముందు కొట్టి వచ్చాడు. డబ్బులు చేతికివ్వలేదు. బురదలో విసిరారు. నాయన వంగి ఏరుకున్నాడు. అదే నెల, జులై 17న కారంచేడు జరిగింది. ఆ వార్త మా పల్లెకొచ్చిన రాత్రి నాయన అన్నం తినలేదంట. డప్పుని వాసానికి తగిలించి, "ఇంక దించను" అన్నాడంట. ఇవన్నీ మా అమ్మ చెప్పిందే. అప్పటికి నేను చంటిపిల్లని.

తర్వాత నాయన్ని ఎవరూ పనికి పిలవలేదు. మిరపచేలో కూలి లేదు, పత్తిచేలో కూలి లేదు. పిడుగురాళ్ల పోయి సున్నపు బట్టీల్లో పనిచేశాడు. సున్నానికి చేతులు బొబ్బలెక్కేవి. ఆ డబ్బులతోనే నేను చదివా.

1994లో దండోరా వచ్చింది. ఈదుముడిలో మొదలైన ఆ దరువు మా పల్లెకీ చేరింది. మా కుర్రాళ్లు వచ్చి, "మామా, ఇది ఊరి కోసం కాదు, మన కోసం" అని నాయన డప్పు అడిగారు. దించి ఇచ్చాడు. "మీరు కొట్టుకోండిరా, నేను మాత్రం పట్టను" అన్నాడు. మీటింగు అయ్యాక తెచ్చిస్తే మళ్లీ వాసానికి తగిలించాడు. నేను నేర్చుకుంటానని పదిసార్లన్నా అడిగి ఉంటా. "ఆడపిల్లవి, చదువుకున్నదానివి. మన ఇంట్లో చేతులు కొట్టింది చాల్లే అమ్మాయ్" అనేవాడు.

2018 జనవరి మొదటివారం మీకు గుర్తుండే ఉంటది. భీమా కోరేగావ్ మీద దాడి జరిగిన వారం. ఫోను తెరిస్తే అదే. మనసు మనసులో లేదు. ఆ టైంలో మద్రాసు ఫ్రెండ్ ఒకామె పోస్టర్ పంపింది. "ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్". సినిమా డైరెక్టర్ పా. రంజిత్ వాళ్ల నీలం సంస్థ, టెన్మా అనే మ్యూజిక్ డైరెక్టరూ కలిసి కట్టిన బ్యాండు. 19 మంది. జనవరి 6 శనివారం కీల్పాక్‌లో మొదటి కచేరీ. రాక్ గిటార్లు, డ్రమ్ములు, వాటి పక్కనే పరై. పరై అంటే మన డప్పుకి తోబుట్టువు. ఇంగ్లీషులో "పరియా" అనే తిట్టు ఆ మాట నించే పుట్టింది.

పోవాలనిపించింది. నరసరావుపేటలో చీరాల బస్సెక్కా. ఆ బస్సు చిలకలూరిపేట, పర్చూరు, కారంచేడు మీదుగా పోద్ది. మా పల్నాడు వాళ్లకి సముద్రం అంటే చీరాల ఓడరేవే. అంటే మేం సముద్రం చూడాలన్నా కారంచేడు దాటాలి. చిన్నప్పుడు మా బడి పిల్లలంతా బస్సులో కేరింతలు కొడుతుంటే, మా పల్లె నించి తోడొచ్చిన పెద్దమ్మ ఆ ఊరు రాగానే నెత్తిన కొంగు కప్పుకుని కళ్లు మూసుకుంది. ప్రార్థన చేసుకుంటుందేమో అనుకున్నా. ఎందుకో పెద్దయ్యాక తెలిసింది.

రాత్రి చీరాలలో ఉండి పొద్దున్నే పినాకిని ఎక్కి మద్రాసులో దిగా. మా అమ్మ వైపు చిన్నమ్మ నార్త్ మద్రాసులో ఉంటది. సఫాయి పని. ఆ వీధంతా మనోళ్లే, తెలుగోళ్లే. తాతలనాడు ఆంధ్రా జిల్లాల నించి వచ్చి మద్రాసు వీధులు ఊడ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. చిన్నమ్మ తెలుగులో సగం అరవం. "మార్గళి నెలమ్మా, సభల కాడ కార్లే కార్లు. చెత్త కూడా జాస్తి" అంది.

అన్నం ముందు కూర్చుని ఆ మాటే ఆలోచించా. మార్గళిలో మద్రాసు సభల్లో త్యాగరాయ కీర్తనలు పాడతారు. అవి తెలుగు. సభ బయట రోడ్డు ఊడ్చే మా చిన్నమ్మ మాట్లాడేదీ తెలుగే. లోపలి తెలుగుకి శాలువా కప్పుతారు. బయటి తెలుగు చేతిలో చీపురుంటది. ఇన్నేళ్లలో చిన్నమ్మ ఏ సభలోనూ అడుగు పెట్టలేదు. నాతో కచేరీకి రమ్మంటే, "రేపు తెల్లారుజామున డ్యూటీ" అంది.

సాయంత్రం కీల్పాక్‌లో ఒక బడి గ్రౌండు. జనం బాగా వచ్చారు. కాలేజీ పిల్లలు, గానా పాటలు తెలిసిన బస్తీ కుర్రాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చిన ఆడోళ్లు. బ్యాండు వాళ్లందరూ సూట్లేసుకుని వచ్చారు. ఎవరికీ చెప్పక్కర్లా, అది బాబాసాహెబ్ సూటు. "కులం లేని" అనే ఆ పేరు అయోతిదాసు పండితర్ నించి తీసుకున్నది. ఆయన 1914లోనే చనిపోయాడు. ఆ మాట మాత్రం మైకులో మోగింది.

రిజర్వేషన్ల మీద పాట. గొడ్డుకూర మీద పాట. అంబేద్కర్ మీద పాట. నాకు అరవం సగమే అర్థమైంది. పరై మొదలైనప్పుడు మాత్రం భాష అక్కర్లేకపోయింది. గిటారు ఒక పక్కకి లాగుతుంటే పరై ఇంకో పక్క నించి వచ్చి దాన్ని పట్టుకుంటుంది. పరై కొట్టేవాళ్లు కింద నిలబడలేదు, ఏ శవం ముందూ నడవడం లేదు. గిటారుతో సమానంగా, అదే ఎత్తున, అదే లైటు కింద ఉన్నారు.

వాళ్లలో ఒకే ఒక్క ఆడపిల్ల. ఇసైవాణి. గానా అంటే మద్రాసు బస్తీల్లో చావిళ్ల దగ్గర మగాళ్లు పాడే పాట. ఆ పాటని ఆ పిల్ల మైకు పట్టుకుని పాడుతోంది. తర్వాత 2020లో బీబీసీ వాళ్లు ప్రపంచంలో వందమంది ఆడవాళ్ల జాబితాలో ఆమె పేరు వేశారు. ఆ రోజు మాత్రం నాకు "ఆడపిల్లవి" అన్న నాయన మాటే చెవిలో తిరిగింది. ఏడుపొచ్చింది. పక్కనున్న ముసలామె ఏమీ అడక్కుండా నా చెయ్యి పట్టుకుంది.

మర్నాడు ఆదివారం. ఫ్రెండు నన్ను బీసెంట్ నగర్ పక్కన ఊరూర్ ఆల్కాట్ కుప్పం తీసుకెళ్లింది. జాలరిపేట. 2015లో టి.ఎం. కృష్ణ, ఇంకొందరు, ఆ ఊరివాళ్లూ కలిసి కర్ణాటక సంగీతాన్నీ పరై ఆటనీ ఒకే పండగలోకి తెచ్చింది అక్కడే. నేను పోయిన రోజు పండగేమీ లేదు. వలలు ఆరేసి ఉన్నాయి, పడవ నీడలో కుక్క పడుకుంది. ఇసకలో కూర్చుని నాయనకి ఫోన్ చేశా. చూసిందంతా చెప్పా. ఆయన అడిగినవి ఇవి:

"కింద నిలబడి కొట్టారా, పైనా?"

"పైనే నాయనా."

"చలికాలం గదా, మంచుకి తోలు మెత్తబడుద్ది. ఎక్కడ కాచుకున్నారు?"

"నేను చూళ్లేదు."

"డబ్బులు చేతికిచ్చారా?"

నాకు గొంతు పెగల్లేదు. 33 ఏళ్ల తర్వాత కూడా ఆయన ఆ బురదలోనే ఉన్నాడు. "చేతికే ఇచ్చుంటారు నాయనా" అన్నా. అటు నించి చాలాసేపు మాట లేదు. "ఏందా హోరు?" అన్నాడు. "సముద్రం" అని ఫోను నీళ్ల వైపు తిప్పి పెట్టా.

సంక్రాంతికి ఇంటికొచ్చేసరికి డప్పు వాసానికి లేదు. పాత తోలు చీలిపోయి ఉంటే ఒలిచేసి, కొత్త మేకతోలు బిగించి ఎండలో పెట్టాడు. భోగిమంట కాడ కాచి నా చేతిలో పెట్టాడు. చిర్ర ఎట్టా పట్టాలో, చిటికెన పుల్ల ఎట్టా ఆడించాలో చూపించాడు. పెళ్లి దరువు నేర్పాడు. జాతర దరువు నేర్పాడు. శవం దరువు అడిగితే, "అది నాతోనే పోనీ" అన్నాడు. ఇప్పటికీ నేర్పలేదు.

మా పల్లెలో ఒక పెద్దాయన ఉన్నాడు. నాయనతో పాటే డప్పు దించినాయన. నేను డప్పు పట్టినప్పటి నించి నాతో మాట్లాడడు. "మేం తిండి మానుకుని దించింది మళ్లీ ఎత్తుకోడానికా?" అంటాడంట. ఆయన మాట తప్పని నేను అనలేను. తోలులో అవమానం ఎప్పుడూ లేదు. "రారా, కొట్టరా" అన్న పిలుపులో ఉంది. కొట్టనని నాయన చెప్పాడు కాబట్టే ఈరోజు కొడతానని నేను చెప్పగలుగుతున్నా. ఆ పెద్దాయనకి ఇది ఎట్టా చెప్పాలో మాత్రం నాకు ఇంకా తెలియడం లేదు.

అందుకే ఆ ఫొటో పెట్టా. సరిగ్గా చూడండి. డప్పు అంచు కింద నా చేతితో పాటు ఇంకో చెయ్యి ఉంటది. సున్నానికి తెల్లబడిన గోళ్లు. అది మా నాయనది.

జైభీమ్. మిగతాది వచ్చే ఆదివారం.