మానేరు నుంచి పెద్దవాగు దాకా

కరీంనగర్ కేబుల్ బ్రిడ్జి మీద సాయంత్రమైతే బండ్ల కంటే సెల్ఫీల రద్దీ ఎక్కువ. 2023 జూన్ 21న ప్రారంభమైన ఈ వంతెన పొడవు 500 మీటర్లు, ఖర్చు రూ. 200 కోట్ల పైమాటే. లోయర్ మానేరు డ్యామ్ దిగువన, వరంగల్ వైపు వెళ్లేవారికి దారి తగ్గించడానికి కట్టారు. రెండు పైలాన్ల నుంచి దిగిన కేబుళ్లే బరువు మోస్తాయి కాబట్టి నదిలో పిల్లర్ల వరుస అక్కర్లేదు. ఆ మేరకు ప్రవాహానికి మేలే. కానీ ఏ వంతెనకైనా సిమెంటు కావాలి. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7, 8 శాతం సిమెంటు తయారీదే. రంగురంగుల లైట్ల వెలుగులో ఆ లెక్క ఎవరికి గుర్తుంటుంది?

మర్నాడు పెద్దపల్లి మీదుగా మంథని వైపు బయల్దేరాను. అదే మానేరు ముత్తారం మండలం ఓడేడు దగ్గర మరో ముఖం చూపిస్తుంది. అవతలి ఒడ్డున భూపాలపల్లి జిల్లా గర్మిళ్లపల్లి. రెండింటినీ కలిపే, సుమారు కిలోమీటరు పొడవైన వంతెనకు 2016లో శంకుస్థాపన జరిగింది. పనులు సాగుతూ ఆగుతూ ఏళ్లు గడిచాయి. 2024 ఏప్రిల్ 22 రాత్రి ఈదురుగాలికి గర్డర్లు కూలాయి. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. తప్పు గాలి మీదికి నెట్టేయడం తేలికే. ఎనిమిదేళ్లు పూర్తి చేయకుండా వదిలేసిన తప్పు ఎవరి మీద వేద్దాం? సిమెంటు ఖర్చయింది, ఇసుక ఖర్చయింది, ఊళ్లకు మాత్రం దారి రాలేదు. పర్యావరణం లెక్కలో చూసినా, జనం లెక్కలో చూసినా అన్నిటికంటే ఖరీదైన వంతెన సగంలో ఆగినదే.

గోదావరి దాటి మంచిర్యాల, అక్కడి నుంచి కాగజ్‌నగర్. ఒకప్పుడు ఇదంతా ఆదిలాబాద్ జిల్లా.

పెద్దవాగు మీద అందవెల్లి వంతెన కాగజ్‌నగర్‌ను దహెగాం, భీమిని వైపు ఊళ్లతో కలిపేది. 2022 వరదల్లో దాని పిల్లర్ కుంగింది, అదే ఏడాది అక్టోబరులో కూలింది. కాగితం మీద ఇది ఒక ఆస్తి నష్టం. ఊళ్లకు మాత్రం ఆసుపత్రి, సంత, కాలేజీ ఒక్కసారిగా దూరమయ్యాయి. వానాకాలంలో పురుడు వచ్చిన ఇంటికి ఆ చుట్టుదారి ఎంత పొడవో వేరే చెప్పాలా?

ఇసుక తవ్వకాలే వంతెనను ముంచాయని ఈ ప్రాంతంలో గట్టి ఆరోపణ. ఈ వంతెన సంగతి ఇంజనీర్లు తేల్చాలి గానీ, తవ్వితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇసుక తోడేస్తే వాగు అడుగు దిగిపోతుంది. పునాది చుట్టూ ఉన్న దన్ను పోతుంది. మిగిలినదాన్ని వరద కోసుకుపోతుంది. అందుకే కేంద్రం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు వంతెనకు ఎగువన దాని పొడవుకు అయిదు రెట్లు, దిగువన పది రెట్లు దూరం దాకా ఇసుక తీయొద్దన్నాయి. ఎంత చిన్న వంతెనైనా ఎగువన 250, దిగువన 500 మీటర్లకు తగ్గకూడదు. విడ్డూరం ఏమిటంటే, కొత్త వంతెన కాంక్రీటుకూ ఇలాంటి వాగుల ఇసుకే కావాలి.

ఆసిఫాబాద్ దాటాక ఎన్‌హెచ్-363 వాంకిడి మీదుగా చంద్రపూర్ వైపు సాగుతుంది. కవ్వాల్, తాడోబా అడవుల మధ్య పులులు తిరిగే దారి ఇది. రోడ్డు విస్తరణలో వాటి కోసం, మట్టి పోసి మొక్కలు పెంచే ఎకో బ్రిడ్జిని తలపెట్టారు. డబ్బు దండగ అనేవాళ్లు ఎన్‌హెచ్-44 మీద ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోని పెంచ్ దాకా వెళ్లి రావాలి. అక్కడ వంతెనల కింద వదిలిన దారుల్లో 2019లో కెమెరాలు పెడితే, 18 రకాల అడవి జంతువులు 5,450 సార్లు దాటినట్టు తేలింది. మనుషుల వంతెనకు ఇంత శ్రద్ధగా లెక్క రాసిన చోటు ఈ దారిలో నాకు కనిపించలేదు.

ఇకమీద మీ ఊరి వాగు మీద శిలాఫలకం వేస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఎప్పటికి పూర్తవుతుంది, అప్పటిదాకా వానాకాలంలో దారి ఏది, దగ్గర్లోని ఇసుక రీచ్ ఎంత దూరం?