నేలమాళిగలో బీరు

బీరు రుచిని గురించి ఈ పత్రికలో వ్యాసమేమిటని కొందరు పాఠకులకు కోపం రావచ్చు. ఆ కోపం న్యాయమైనదే. 1992లో నెల్లూరు జిల్లాలో సారా దుకాణాల ముందు కూర్చున్న ఆడవాళ్ళలో మా అమ్మ ఒకతె. దూబగుంట కబురు మా ఊరు చేరిన తరవాత మా వీధి ఆడవాళ్ళు ఏం చేశారో, దుకాణంవాడు వెనకదారిన ఎట్లా పరుగెత్తాడో ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆమె ఈ పత్రిక చదవదు. చదివేదయితే ఈ వ్యాసం ఇంత తీరిగ్గా రాసేవాణ్ణి కాదు.

అయితే నేను చెప్పదలచుకున్నది తాగటాన్ని గురించి కంటె దాచటాన్ని గురించి. వస్తువు పాతబడితే దాని విలువ పెరుగుతుందనే నమ్మకం సాహిత్యంలో ఉన్నది, అర్థశాస్త్రంలో ఉన్నది, మా బావగారి నేలమాళిగలోనూ ఉన్నది. మొదటి రెండు చోట్లా దాన్ని పరీక్షించాలంటే గ్రంథాలు తిరగెయ్యాలి. మూడో చోట నాలుక చాలు.

మా అక్కా బావగారూ బ్రస్సెల్స్ నగరంలో సాంజిల్ అనే పేటలో అద్దెకుంటున్నారు. గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన పాత ఇళ్ళు అవి. ప్రతి ఇంటికింద ఒక నేలమాళిగ. ఒకప్పుడు అందులో చలికాలానికి బొగ్గు పోసుకునేవారు. ఇప్పుడు బొగ్గు లేదు, దాని నలుపు మటుకు ఇటికల మీద మిగిలింది. ఎండ రాదు. వేసవిలో కూడా పన్నెండు, పదమూడు డిగ్రీలు దాటదు. బావగారు అక్కడ కొయ్య అరలు చేయించి అరవై దాకా సీసాలు పెట్టారు. ప్రతి సీసా మెడకూ ఒక చీటీ, దానిమీద కొన్న తేదీ. నిన్నమొన్నటిదాకా మా జిల్లాలో కల్లు తప్ప ఎరగని మనిషి ఇంత గ్రంథాలయ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నాడా అని నాకు ఆశ్చర్యం వేసింది.

ముందుగా చెప్పవలసిన విషయం ఒకటున్నది. ప్రపంచంలో కాచే బీరులో అధికభాగం దాచటానికి పనికిరాదు. బీరుకు చేదూ పరిమళమూ ఇచ్చే హాప్స్ పువ్వుల వాసన కొద్ది నెలల్లోనే తగ్గిపోతుంది. సీసాలో చిక్కుకున్న కాస్త ప్రాణవాయువు తన పని తాను చేస్తూ ఉంటుంది. వెలుతురు తగిలితే మరీ చెడుతుంది. గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. బావగారు నాకు చూపించటానికని నాలుగేళ్ళనాటి మామూలు పసుపురంగు బీరొకటి తెరిచారు. తడిసిన అట్టముక్క వాసన కొట్టింది. ఒక గుక్కతో దాని పని అయిపోయింది.

నిలవుండేవి కొన్ని జాతులు. సారం నూటికి ఎనిమిది పాళ్ళకు మించి ఉండాలి. లేదా పులుపు ఉండాలి. నల్లగా వేగిన మాల్టు ఉంటే మంచిది. సీసాలో ఈస్టు బతికి ఉంటే ఇంకా మంచిది. అది చొరబడిన ప్రాణవాయువును కొంత తినేస్తుంది. ఇవన్నీ ఉన్నప్పుడు, ఏ ప్రాణవాయువు తేలిక బీరును అట్టముక్క చేసిందో అదే ఇక్కడ ఎండు ద్రాక్ష, ఖర్జూరం, అంజూరపు వాసనలు పుట్టిస్తుంది. కారణం ఒకటే, ఫలితాలు వేరు. కాలం ఎవరికీ పక్షపాతంగా మేలు చెయ్యదు. తన ముందు ఏ సరుకు ఉంటే దాని గుణాన్ని బయటపెడుతుంది.

ఒకనాటి రాత్రి భోజనాల ముందు మూడు సీసాలు పైకి తెచ్చుకున్నాం. మూడూ ఒకే మఠంలో సన్యాసుల ఆధ్వర్యాన కాచిన ఒకే నల్లబీరు. సంవత్సరాలు మాత్రం 2013, 2018, 2023. మొదటిది బావగారు కొన్నది కాదు. ఆ వీధిలో ఒక ముసలాయన భార్య పోయిన తరవాత ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చి వెళ్ళినవాటిలో ఒకటి. అక్క మమ్మల్ని వంటింట్లోంచి వెళ్ళగొట్టి, మూడు గ్లాసుల్లో పోసి, అడుగున అంకెలు రాసిన కాగితాలు అంటించి తెచ్చింది.

ఒక గ్లాసులో నురుగు తలపాగాలా లేచింది. మిరియాల ఘాటు, లవంగం వాసన, గొంతు దిగుతూంటే సారం మంట. రెండోదానిలో ఆ మంట అణగిపోయి ఖర్జూరం, కాచిన బెల్లం, చివర కొంచెం కోకో చేదు. గుక్క మింగిన తరవాత కూడా చాలాసేపు నాలుక మీద నిలిచింది. మూడోదానిలో గాలిబుడగలు దాదాపు లేవు. వాసన బాగానే ఉన్నది, పాత పుస్తకాల బీరువా తలుపు తీసినట్టు. కాని నోట్లో వేసుకుంటే పలచన. తీపి పోయింది, దాని చోట ఏదీ రాలేదు. బావగారు ఏమాత్రం సందేహించకుండా రెండోదే గొప్పదన్నారు. నేనూ అదే అన్నాను. అక్క కాగితాలు తీసి చూపించింది. రెండోది 2018, పలచబడినది 2013.

అప్పుడు జరిగింది తమాషా. అంకె చూసిన అయిదు నిమిషాలకల్లా బావగారు ఆ మూడో గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఇందులో ఒక గాంభీర్యం ఉన్నదయ్యా మేష్టారూ, అది పైకి కనపడదు" అనటం మొదలుపెట్టారు.

"చీటీ చూశాక మీ బావగారికి నాలుక మారిపోయింది, చూశావట్రా!" అన్నది అక్క.

ఈ నాలుక మారటం నేను సాహిత్య సభల్లో ఎన్నోసార్లు చూశాను. కవి పేరు చెప్పకుండా ఒక పద్యం చదివితే ఆవులించినవారే, ఫలానా ఆస్థానకవిది అని చెప్పగానే తల ఊపుతారు. క్షీణప్రబంధాలు ఎన్నింటికో మన పాఠ్యగ్రంథాల్లో చోటు దొరికింది ఈ చీటీ మూలానే. విమర్శకుడు చెయ్యవలసిన మొదటి పని చీటీ విప్పటం. ఇంతవరకూ మన పాఠకులు అందరూ ఒప్పుకుంటారు. కాని మన వైపు కూడా చూసుకోవాలి. అభ్యుదయ కవిత్వం పేర వచ్చిన దానిలో కొంత భాగం ఇవాళ తెరిస్తే నాకు ఆ అట్టముక్క వాసనే వస్తున్నది. అయితే ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సమ్మె జరుగుతున్న మిల్లు గేటు దగ్గర పాడటానికి రాసిన పాట ఆ సాయంత్రం పనిచేసిందా లేదా అన్నదే ప్రశ్న. దాన్ని అరవై ఏళ్ళు దాచి, పాతదనం పేరుమీద పూజించటం దాన్ని అవమానించటమే. నిలవుండకపోవటం నేరం కాదు. ఆ రోజుకు పనికిరాకపోవటం నేరం.

మరొక సీసాను గురించి చెప్పకుండా ఉండలేను. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు కాస్తారు. దీనికి ఈస్టు కలపరు. మాల్టుతోపాటు మొలకెత్తించని గోధుమలు నూటికి ముప్పయి పాళ్ళయినా వేసి కాచి, ఆ రసాన్ని చలికాలపు రాత్రి అటక మీద వెడల్పాటి తొట్టిలో ఆరబెడతారు. గాలిలో ఉన్న సూక్ష్మజీవులు దిగి తమ పని ప్రారంభిస్తాయి. ఇందులో హాప్స్ కూడా కావాలని ఏళ్ళతరబడి మాగబెట్టినవే వేస్తారు. చేదు అక్కర్లేదు, చెడకుండా కాపాడితే చాలు. తరవాత కొయ్యపీపాల్లో ఉంచి, ఒక ఏడాది, రెండేళ్ళ, మూడేళ్ళ సరుకును కలిపి సీసాల్లో పోస్తారు. దాన్ని గూజ్ అంటారు. కొత్తది ఇంకా పులియటానికి చక్కెర ఇస్తుంది, పాతది రుచి ఇస్తుంది. రెండూ కలిస్తేగాని పొంగు రాదు. పదేళ్ళనాటి గూజ్ సీసా తీస్తే బిరడా చప్పుడు చేసింది. వానకు తడిసిన గడ్డివాము వాసన, పళ్ళు పులిసే పులుపు. ఉసిరికాయ కొరికి నీళ్ళు తాగితే వచ్చే తీపి వంటిది ఆ తరవాత వచ్చింది. పదేళ్ళు గడిచినా అది బతికే ఉన్నది. ఆ రాత్రి తాగినవాటిలో నాకు అన్నిటికంటె నచ్చింది అదే.

ఇక విలువ సంగతి. రికార్డో 1823లో మెకల్లక్‌కు రాసిన ఒక ఉత్తరంలో తనకు కొరుకుడు పడని చిక్కు ఒకటి చెప్పుకున్నాడు. ద్రాక్షసారాయి మూడు నాలుగేళ్ళు నేలమాళిగలో పడి ఉంటుంది. ఆ కాలంలో దానిమీద ఎవడూ చెమటోడ్చడు. అయినా ధర పెరుగుతుంది. విలువకు మూలం శ్రమ అయితే ఈ పెరుగుదల ఎక్కణ్ణించి వచ్చింది? మెకల్లక్ తేలిక దారి పట్టి, ప్రకృతి చేసేదాన్ని కూడా శ్రమ అనేశాడు. మార్క్స్ మాత్రం ఉత్పత్తికాలం వేరు, శ్రమకాలం వేరు అన్నాడు. ఎంగెల్స్ 1885లో ప్రచురించిన 'పెట్టుబడి' రెండో సంపుటంలో ఈ చర్చ ఉన్నది. రసం పులుస్తూ మాగుతూ ఉన్నన్నాళ్ళూ ఉత్పత్తి సాగుతూనే ఉంటుంది, కాని కొత్త విలువ పుట్టదు. వర్తకుడికి ధరలో దొరికే అదనం మరెక్కడో శ్రమించినవారి మిగులులోంచి, అంతకాలం కట్టిపడేసిన పెట్టుబడికి వచ్చే వాటా. బావగారి సీసాలు అమ్మకానికి కావు గనక ఆయనకు ఈ వాటా లేదు. రుచి మాత్రమే ఉన్నది. ఆ రుచి నిజమైనదే. నేను కాదనటం లేదు.

కాని దాచగలగటం అనేది ఎవరికి సాధ్యం? పొద్దున చెట్టు దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోతుంది. గీతకార్మికుడు ఆ పూటే, ఆ ధరకే అమ్ముకోవాలి. అప్పు తీర్చాలి గనక రైతు ధాన్యాన్ని కళ్ళంలోనే అమ్ముతాడు. ఆరు నెలల తరవాత వచ్చే ధర గిడ్డంగి ఉన్నవాడిది. వేచి ఉండటం కూడా ఒక ఆస్తి.

లండన్‌లో పద్దెనిమిదో శతాబ్దంలో పోర్టర్ అనే నల్లబీరును పెద్దపెద్ద తొట్లలో నెలలతరబడి మాగనిచ్చేవారు. అంత సరుకును కదలకుండా ఉంచటం పెద్ద పెట్టుబడిదారుకే సాధ్యం. 1814 అక్టోబరు 17న మ్యూ కంపెనీ బీరు కర్మాగారంలో 22 అడుగుల ఎత్తు తొట్టికి ఒక ఇనపపట్టీ జారింది. గుమాస్తా చెబితే, ఫరవాలేదు, తరవాత చూసుకోవచ్చన్నారు. గంట తిరక్కముందే పది నెలలుగా మాగుతున్న ఆ బీరు గోడను పగలగొట్టుకుని సెయింట్ జైల్స్ మురికివాడ మీద పడింది. ఎనిమిది మంది చచ్చిపోయారు, ఆడవాళ్ళూ పిల్లలూ. వారిలో కొందరు రెండేళ్ళ పిల్లవాడి శవం దగ్గర జాగారం చేస్తూ ఒక నేలమాళిగలో కూర్చున్నవారు. విచారణలో ఎవరి తప్పూ లేదని తేలింది. పోయిన బీరుకు కట్టిన సుంకం కంపెనీకి వాపసు వచ్చింది. సెయింట్ జైల్స్, సాంజిల్, రెండూ ఒకే సాధువు పేర్లు. ఒకచోట నేలమాళిగలో బీరు కాపురముంటే, మరొకచోట మనుషులు కాపురమున్నారు. మన హైదరాబాదు అపార్టుమెంట్ల సెల్లార్లలో కార్ల మధ్య వాచ్‌మన్ సంసారం ఎట్లా సాగుతుందో తెలిసినవారికి నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు.

బెల్జియం దేశపు బీర్లు ఇంత ఘాటుగా ఉండటానికి ఒక సోషలిస్టు కూడా కారణమని అక్కడ చాలామంది చెబుతారు. అతడు ఎమిల్ వాండర్‌వెల్డ్. మార్క్స్ బ్రస్సెల్స్‌లో ఉన్న రోజుల్లో జర్మన్ కార్మికులు సమావేశమైన 'హంస' అనే భవనంలోనే 1885లో బెల్జియన్ కార్మిక పార్టీ పుట్టింది. వాండర్‌వెల్డ్ దానికి నాయకుడయ్యాడు. కార్మికుల కూలిడబ్బు జిన్ను సారా కింద కరిగిపోవటం కళ్ళారా చూసినవాడు. 1919లో అతడు మంత్రిగా ఉండగా వచ్చిన చట్టం తాగుడు దుకాణాల్లో ఘాటు సారాలు పొయ్యటాన్ని నిషేధించింది. జనం ఘాటు బీర్లకు మళ్ళారు. ఆ చట్టం 1983 దాకా ఉన్నది. దాని ఉద్దేశాన్ని శంకించే హక్కు నాకు లేదు. మా అమ్మ కోరింది కూడా అదే. మన రాష్ట్రంలో 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. కాని ఆ బెల్జియం చట్టంలో ఒక నిబంధన నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. బయట దుకాణంలో సారా కొనాలంటే ఒకేసారి రెండు లీటర్లకు తక్కువ కాకుండా కొనాలి. వారం కూలి మీద బతికేవాడు అంత డబ్బు ఒకేసారి పెట్టలేడని లెక్క. పెట్టగలిగినవాడు కొని ఇంట్లో దాచుకోవచ్చు. చట్టం ఎవరి నేలమాళిగలోకీ దిగలేదు.

బావగారితో ఈ మాటంటే ఆయన నవ్వి, తన నేలమాళిగ కూడా తనది కాదన్నారు. తొమ్మిదేళ్ళ అద్దె ఒప్పందం వచ్చే మార్చితో తీరుతుంది. ఇంటి యజమాని ఇల్లు అమ్ముతానని ఉత్తరం రాశాడు. కొత్తగా చూస్తున్న ఇల్లు అయిదో అంతస్తులో ఉన్నది, వేడిగొట్టాలు గోడ పొడుగునా పోతాయి. మేనకోడలు పుట్టిన ఏడాది కొన్న ఆరు సీసాలు ఆమెకు పద్ధెనిమిదేళ్ళు నిండాక తెరవాలని పెట్టారు. వాటినేం చెయ్యాలో తేలలేదు. అక్క పాత లెక్కల పుస్తకం తెచ్చి, మార్చిలోగా తాగెయ్యవలసినవి ఒకవైపు, ఎదురింటి వాళ్ళ నేలమాళిగలో పెట్టమని అడగవలసినవి ఇంకొకవైపు రాసింది. మొదటి వరసలో యాభై ఒకటి తేలాయి.