వాగు దాటే జీపు

"యా వాగు దాటాల సార్?" డోన్‌లో గనుల టిప్పర్లు బాగుచేసే షెడ్డులో మేస్త్రీ అడిగిన మొదటి మాట అది. వానల్లో అహోబిలం ఎక్కి, పావన నరసింహస్వామి గుడి దాకా అడవి బాటలో పోవాలని చెప్పాను. ఆయన బానెట్ ఎత్తి, ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం మూతి మీద వేలు పెట్టాడు. "నీళ్ళు ఈడికొస్తే బండి పనైపోతాది."

గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్ళు కుదించుకోవు. సిలిండర్లోకి గుక్కెడు నీళ్ళు చేరితే చాలు, పైకొచ్చే పిస్టన్‌కు దారి లేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే ముందద్దం పక్కగా, టాపు ఎత్తున గాలి పీల్చే గొట్టం, అంటే స్నార్కెల్, బిగించాం. అది బిగించగానే సరిపోదు. ఇంజన్ నడుస్తుండగా మేస్త్రీ స్నార్కెల్ మూతికి చెక్క అడ్డం పెట్టాడు. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి, ఆగలేదు. అంటే ఇంకెక్కడో గాలి దూరుతోంది. ఫిల్టర్ డబ్బా దగ్గర క్లిప్పు వదులుగా దొరికింది. బిగించాక ఆగింది.

చాలామంది మరిచేది ఇరుసులను. ఎండలో దూరం నడిచిన బండి డిఫరెన్షియల్ వేడెక్కి ఉంటుంది. అది చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ళ సందుల్లోంచి నీళ్ళను లాక్కుంటుంది. ఆయిల్ పాలలా తెల్లబడుతుంది, గేరు పళ్ళు అరిగిపోతాయి. రెండు ఇరుసులకు, గేర్‌బాక్సుకు ఉన్న, గాలి వచ్చిపోయే బ్రీదర్లకు రబ్బరు గొట్టాలు తొడిగి బానెట్ కిందికి ఎత్తి కట్టించాను. నా దృష్టిలో స్నార్కెల్ కంటే ముందు చేయించాల్సిన పని ఇది, ఖర్చూ తక్కువే. వెనక కొక్కేనికి తాడు కూడా ముందే కట్టి ఉంచాలి, నీళ్ళలో నిలబడిపోయాక మునిగి కట్టడం జరిగే పని కాదు.

బేతంచెర్ల, బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా ఆళ్ళగడ్డ చేరాం. కుందూ నది నిండుగా పారుతోంది. 2019 సెప్టెంబరులో మహానంది ఆలయాన్ని వరద చుట్టుముట్టిన సంగతి ఈ వైపు వాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. నల్లమలలో కురిసిన వాన కిందికి రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఎగువ అహోబిలం దాటాక రోజూ భక్తులను తిప్పే జీపు ముందు పోతుంటే వెనకే కదిలాం. మొదటి వాగు దగ్గర ఆ డ్రైవరు దిగి, కర్రతో అడుగు పొడిచి చూసుకుంటూ అవతలికి నడిచి వచ్చాడు. లోతు మోకాలు దాటింది, అడుగున గట్టి రాయి. రేడియేటర్ ముందు టార్పాలిన్ కట్టి, ఫ్యాన్ బెల్టు తీసేశాను. తీయకపోతే తిరిగే రెక్కలు నీటి దెబ్బకు వంగి రేడియేటర్‌ను కోస్తాయి. లో రేంజిలో రెండో గేరు వేసి, మనిషి నడిచే వేగంతో పోయాం. బంపరు ముందు లేచిన అల వెనక నీటిమట్టం కాస్త తగ్గుతుంది. ఆ అలను చెదరనీయకుండా, మధ్యలో గేరు మార్చకుండా, క్లచ్ నొక్కకుండా ఒడ్డెక్కించాను.

రెండో వాగు తొడల దాకా వచ్చింది, పైగా వడిగా లాగుతోంది. 2020 తర్వాతి థార్ జీపుకైనా కంపెనీ చెప్పే లోతు 650 మిల్లీమీటర్లే. ఆ లెక్క నిలకడ నీళ్ళకే. రెండడుగుల లోతున పారే నీళ్ళు చాలా బండ్లను ఈడ్చుకుపోతాయి. స్నార్కెల్ ఇంజన్‌కు ఊపిరిస్తుంది గానీ టైర్లకు పట్టునివ్వదు. తలుపులూ అడుగూ ఎంత బిగువుగా ఉంటే బండి అంత తేలుతుంది, తేలిన టైరు రాయిని పట్టదు.

"ఇంగ పోవద్దన్నా, తిప్పుదాం," అన్నాడు డ్రైవరు. వాగుకు దండం పెట్టుకుని తిప్పాం. మొదటి వాగు మళ్ళీ దాటి, బెల్టు వేసుకుని, బ్రేకులు ఆరేదాకా అప్పుడప్పుడూ తొక్కుకుంటూ దిగువకు వచ్చాను. ఆళ్ళగడ్డలో ఇరుసుల ప్లగ్గులు విప్పించి చూస్తే ఆయిల్ ఏ ఇరుసులోనూ తెల్లబడలేదు. హబ్బులకు కొత్త గ్రీజు కొట్టించి డోన్ దారి పట్టాను.