ఎండాకాలం వంట, చేదు సొరకాయ సంగతి



అమ్మాయి పురుడికని మా ఆవిడ ఊరెళ్లి నెల దాటింది. ఇంట్లో నేను, ఎనభై దాటిన మా అమ్మ. ఎండలు ముదిరాక అమ్మ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేస్తోంది. ఈ వయసులో వేసవిలో తిండి తగ్గితే మనిషి ఎంత తొందరగా నీరసపడిపోతుందో మన ఊళ్లల్లో చూస్తూనే ఉన్నాం. అందుకే పొద్దున్నే పొలం వెళ్లొచ్చి, ఎండెక్కకముందే వంట కానిచ్చేస్తున్నా. బోరు పక్కన నాలుగు పాదులున్నాయి. మొన్న సొరకాయలు మార్కెట్‌కి పట్టుకెళ్తే ఆటో కిరాయి కూడా గిట్టలేదు. గట్టు మీద పారబోసే బదులు ఇంట్లోకే వాడుతున్నా.

సొరకాయ గోరు గుచ్చితే దిగేంత లేతగా ఉండాలి. తాలింపులో ముక్కలేసి, ఉప్పు, పసుపు చల్లి, సన్న సెగ మీద మూత పెట్టాలి. నీళ్లు పొయ్యక్కర్లేదు, కాయలో నూటికి తొంభై పాళ్లకు పైనే నీళ్లు. మెత్తబడ్డాక పొయ్యి ఆపేసి, అర గ్లాసు కాచిన పాలు కలపాలి. మంట మీద పోస్తే విరిగిపోతాయి.

మామిడికాయ పప్పుకి ముందు కందిపప్పు మెత్తగా ఉడికించుకుని, ఆ తర్వాతే మామిడి ముక్కలు వెయ్యాలి. పులుపు ముందే పడితే పప్పు బద్దలు బద్దలుగానే ఉండిపోతుంది. దోసకాయ పప్పులో చింతపండుకీ ఇదే లెక్క.

బీరకాయ కూర వండితే తొక్కు పారెయ్యకండి. పచ్చిమిర్చితో కలిపి నూనెలో మగ్గబెట్టి, కాస్త చింతపండు, వేయించిన నువ్వులు వేసి రోట్లో నూరితే రెండు పూటలకి పచ్చడి.

అమ్మకి బాగా సయించింది మజ్జిగ పులుసు. పులిసిన మజ్జిగలో చెంచాడు శనగపిండి ఉండల్లేకుండా కలిపి, ఉడికిన సొరకాయ ముక్కల్లో పోసి, సన్న మంట మీద కలుపుతూ ఉండాలి. పిండి ఉంటే మజ్జిగ విరగదు. మధ్యాహ్నం ఇది ఉంటే అమ్మ కడుపునిండా తింటోంది.

ఇక అసలు సంగతి. సొరకాయ, దోసకాయ, బీరకాయ ఏది కోసినా చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారెయ్యండి. చేదు కాకరకాయలాగా ఒంటికి మంచిదే అనుకోవద్దు. ఆ చేదు విషం. ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, నెత్తురు వాంతులు కూడా అవుతాయి, బీపీ పడిపోతుంది. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్తే చనిపోయారు. ఎవరికైనా అలా అయితే ఇంటి వైద్యం చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పాదుకి నీళ్లు చాలక ఎండకి వాడితే చేదు పెరుగుతుంది. బోర్లు తగ్గే ఈ నెలల్లోనే భయం ఎక్కువ. పైకి కాయ నున్నగానే కనపడుతుంది. చేదు కాసిన పాదుని విత్తనానికి ఉంచొద్దు, అమ్మకానికి కోయొద్దు. మన కాయ తినేది ఎవరింట్లోనో పసిబిడ్డ కావచ్చు, ముసలమ్మ కావచ్చు.

ఇంట్లో ఆడవాళ్లూ మనతో సమానంగా పొలంలో ఎండకి మాడి వస్తున్నారు. ఈ వంటలేవీ అరగంటకి మించవు. వారానికి రెండు రోజులన్నా పొయ్యి దగ్గర మనం నిలబడదాం. ముక్క రుచి చూడటం మాత్రం మర్చిపోవద్దు.