తారు అంచు

“మామా, వెనకమాల లారీ హారన్ కొడితే తొక్కబాక. దిగి పక్కన నిలబడు.”

డిసెంబరులో నెల్లూరు వెళ్లినప్పుడు మా అక్క కూతురు నాకు చెప్పిన జాగ్రత్త ఇది. తొమ్మిదో తరగతి చదువుతోంది. మైపాడు రోడ్డు పక్క పల్లె నుంచి హైస్కూలుకు నాలుగు కిలోమీటర్లు రోజూ సైకిలు మీదే పోయొస్తుంది. తొమ్మిదేళ్లుగా నెదర్లాండ్స్‌లో నేను కూడా ఆఫీసుకు సైకిలు మీదే వెళ్తున్నాను. పక్కింట్లో ఒక సైకిలు అడిగి తీసుకుని, ఒక పొద్దున పిల్ల వెనకే బయల్దేరాను. ఆ నాలుగు కిలోమీటర్లలో ఏడుసార్లు దిగాం.

ఎందుకు దిగాలో మూడోసారికి నాకు అర్థమైంది. తారు మీద తారు పోసుకుంటూ వచ్చి రోడ్డును ఎత్తు చేశారు, పక్కన మట్టిని మాత్రం పెంచలేదు. ఈశాన్య రుతుపవనాల వానలకు ఉన్న మట్టి కూడా కోసుకుపోయింది. తారుకూ మట్టికీ మధ్య బెత్తెడు, కొన్నిచోట్ల జానెడు మెట్టు తేలింది. లారీ వస్తే పిల్ల ఆ మెట్టు దిగాలి. దిగడం ఎలాగో దిగుతుంది. ప్రమాదమంతా తిరిగి ఎక్కడంలో ఉంది. ముందు చక్రం తారు అంచును ఏటవాలుగా తాకితే పైకి ఎక్కదు, అంచు వెంబడే జారుతుంది. సైకిలు అటు కాలవలోకి కాదు, ఇటు రోడ్డు మీదికే పడేస్తుంది. వీపున పుస్తకాల సంచి బరువు ఉంటే మరీను. అందుకే మా పిల్ల తొక్కుతూ దిగదు, తొక్కుతూ ఎక్కదు. ఆపి, దిగి, నడిపించుకుని, మళ్లీ ఎక్కుతుంది. పద్నాలుగేళ్ల పిల్ల ఇదంతా ఎవరూ చెప్పకుండా తనే నేర్చుకుంది. నాకు గర్వం కలగలేదు, గుండె చెరువైంది.

ఆ లారీల వాళ్లను తిట్టలేను. గుంటల్లో రొయ్యల పట్టుబడి అయ్యాక ఐసు కరిగేలోగా సరుకు ప్లాంటుకు చేరాలి. మేత బస్తాల బండ్లు, ఐసు బండ్లు గుంటల చుట్టూ తెల్లారకముందు నుంచే తిరుగుతాయి. దక్షిణాన ముత్తుకూరు వైపు కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలయ్యాక బరువు బండ్లు ఇంకా పెరిగాయి. ఈ తీరానికి అన్నం పెడుతున్న రోడ్లే అవి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి జారే దూరం నాలుగు రెట్లవుతుంది. బడి ముందు ముప్పై మీద వచ్చే లారీకీ అరవై మీద వచ్చే లారీకీ తేడా పిల్ల ప్రాణమంత. ఈ లెక్క డ్రైవరుకు రోడ్డే గుర్తుచేయాలి. బడి దగ్గర దారి సన్నబడాలి, పిల్లలు దాటే చోటు ఎత్తుగా కట్టాలి.

మా అబ్బాయి పదకొండేళ్ల వాడు. నెదర్లాండ్స్‌లో మేముండే వెల్డ్‌హోవెన్‌లో ఎర్రతారు సైకిలు బాట మీద ఒక్కడే బడికి వెళ్తాడు. అక్కడ ప్రాథమిక బడి చివరి తరగతుల్లో పిల్లలకు ట్రాఫిక్ పరీక్ష ఉంటుంది. రాతపరీక్ష అయ్యాక నంబరున్న జాకెట్ వేసుకుని, ఊళ్లో నిర్ణయించిన దారిలో ఒంటరిగా సైకిలు తొక్కాలి. మూలమూలకూ తల్లిదండ్రులు నిలబడి చూస్తారు. వెనక్కి తిరిగి చూశాడా, చెయ్యి చూపాడా అని రాసుకుంటారు. పోయినేడు ఒక మూలన నేనూ నిలబడ్డాను. చలిలో చేతులు కొంకర్లు పోతుంటే, మా ఊరి పిల్లలకు ఈ పని ఎవరు చేస్తున్నారని అదే ఆలోచన.

అక్కడి వాళ్లకు ఇది పుట్టుకతో రాలేదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,000 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలే. అలా కూతుర్ని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే విలేకరి 1972లో పత్రికలో ‘పిల్లల హత్యలు ఆపండి’ అని రాశాడు. ఆ పేరుతోనే ఉద్యమం లేచింది. తల్లులు, తండ్రులు, పిల్లలు రోడ్ల మీద బైఠాయించారు. ఆ ఒత్తిడితో దారులు మారాయి. అక్కడ ఇప్పుడు, నడుస్తున్న లేదా సైకిలు తొక్కుతున్న పద్నాలుగేళ్ల లోపు బిడ్డకు కారు తగిలితే నష్టపరిహారం బాధ్యత దాదాపు ఎప్పుడూ కారు వైపే.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు మా జిల్లా ఆడవాళ్లు గుర్తొస్తారు. అక్షరదీపం అనే వయోజన విద్యా బడుల్లో రాత్రిళ్లు పలకాబలపం పట్టిన తల్లులు 1992లో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. దూబగుంట అనే పల్లెలో మొదలైన మాట 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. మొన్నమొన్నటి సంగతే ఇంకొకటి: 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు కలిపినప్పుడు, చిన్నపిల్లలు పెద్దరోడ్లు, వాగులు, రైలు పట్టాలు దాటి ఎలా వెళ్తారని తల్లిదండ్రులు బడి గేట్ల ముందు కూర్చున్నారు. 2025లో ఆ జీవో రద్దయింది. అడిగే గొంతు మనకు లేకపోలేదు.

ప్రభుత్వాలు సైకిళ్లు ఇచ్చాయి, అది గొప్ప పని. మన రాష్ట్రంలో ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకు పంచారు. 2006లో బీహార్ మొదలుపెట్టిన పథకాన్ని ఆర్థికవేత్తలు కార్తిక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్కగట్టి చూస్తే హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 30 శాతానికి పైగా పెరిగింది. బడి మూడు కిలోమీటర్లు దాటిన ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువ. మా అక్క కూతురిదీ అలాంటి ఊరే. సైకిలు చేతికిచ్చాక, అది నడవడానికి నాలుగడుగుల గట్టి అంచు ఇవ్వకపోవడం నాకు మింగుడుపడదు. అడుగుతున్నది మెట్టును గ్రావెల్‌తో పూడ్చి రోలరు తిప్పడం, ప్రతి వానాకాలం తర్వాత మళ్లీ పూడ్చడం. రొయ్యల సొమ్ము తిరిగే ఈ తీరంలో అది మోయలేని ఖర్చేమీ కాదు.

తిరిగొచ్చే ముందు రోజు అక్క, ఇంకో ఆరుగురు తల్లులు కలిసి అర్జీ రాసుకుని వెళ్లారు. నేను రాసిపెడతానంటే అక్క వద్దంది. “మేం నడిచే దారి, మేమే రాస్తాం” అంది. ఫిబ్రవరిలో రెండు టిప్పర్ల గ్రావెల్ వచ్చిందట, బడి గేటు నుంచి కల్వర్టు దాకా సరిపోయింది. పోయిన వారం ఫోనులో పిల్లను అడిగాను.

“కల్వర్టు దాటినాక ఇంకా దిగతానే ఉండా మామా. నాలుగుసార్లు.”